ఆప్ట్‌ని అడిగితే స్నాప్ ఎందుకొస్తుంది?

లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటులో టెర్మినల్ తెరిచి, సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే ఆప్ట్ కమాండ్‌తో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫైర్‌ఫాక్స్ అని కొడితే ఏం రావాలి? డెబ్ ప్యాకేజీ, అంటే ఆప్ట్ సొంత రకం ఇన్‌స్టాల్ ఫైలు రావాలి. ఉబుంటు 22.04 వెర్షన్ నుంచి వస్తున్నది మాత్రం స్నాప్, ఉబుంటు కంపెనీ కానానికల్ పెట్టిన వేరే ప్యాకేజీ పద్ధతి. ఆప్ట్‌లో ఆ పేరుతో ఉన్నది ఉత్త డొల్ల, స్నాప్‌ని పిలిచి పక్కకి తప్పుకోవడమే దాని పని. క్రోమియం బ్రౌజర్‌కి ఇదే తంతు 2019లోనే మొదలైంది. ఇడ్లీ చెబితే ఉప్మా తెచ్చి ఇడ్లీ అని బిల్లేసినట్టు. ఉప్మా బాగాలేదని కాదండీ, నేను చెప్పింది అది కాదు.

బ్రౌజర్ వచ్చిందిగా, ఇంత గొడవెందుకు అంటారు. ఎందుకంటే ఆప్ట్ లేని కష్టం నేను కొంచెం పడ్డాను. ఇంట్లో నెట్ లేని రోజుల్లో నెట్ సెంటర్‌లో కూర్చుని ఆర్‌పీఎం ఫైలు (ఇంకో రకం లినక్స్ ప్యాకేజీ) పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని ఇంటికి పరిగెత్తితే, అది ఇంకో లైబ్రరీ కావాలనేది, మర్నాడు అది తెస్తే దానికి మూడోది కావాలి, అచ్చం ఏడు చేపల కథ, గడ్డిమోపు దాకా వచ్చాక ఆవు మెయ్యలేదని తెలుస్తుంది, ఇంకా గొల్లవాడూ అవ్వా మిగిలే ఉంటారు. ఆ గొలుసంతా తనే లెక్కేసి తెచ్చే ఆప్ట్, ఉబుంటుకి మూలమైన డెబియన్‌లో 1999 నుంచే ఉంది, అది నాకు తెలియడమే ఆలస్యమైంది.

అన్నిటికన్నా నాకు నచ్చేది, చేయబోయేది ముందే చెబుతుంది. ఒకసారి పాత పైథాన్ ఎందుకులే అని తీసేయబోయాను. ఇవన్నీ పోతాయి అని పేద్ద లిస్టు చూపించింది, నేను చదవకుండా వై (సరే) కొట్టాను, డెస్క్‌టాప్ మొత్తం పోయింది, రాత్రి రెండింటికి నల్ల స్క్రీన్ ముందు నేను. తప్పు నూటికి నూరుపాళ్లు నాదే. ఆ చెప్పే గుణాన్నే ఈ డొల్ల ప్యాకేజీలు చెడగొడుతున్నాయని నా బాధ.

స్నాప్‌లో మంచి లేదనను. యాప్ రాసినవాళ్లు ఒక్కసారి ప్యాక్ చేస్తే చాలా డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) నడుస్తుంది, యాప్‌ని మిగతా సిస్టమ్‌కి దూరంగా ఉంచే శాండ్‌బాక్స్ ఉంటుంది. కానీ స్టోర్ ఒక్కటే, కానానికల్‌ది, దాని సర్వర్ కోడ్ బయటపెట్టలేదు. రోజుకి నాలుగుసార్లు అప్‌డేట్‌లు వెతుక్కుంటుంది, నేను చెప్పేదాకా ఆగు అనడానికి కమాండ్ 2022 చివర్లో గానీ రాలేదు. ఉబుంటు మీదే కట్టిన లినక్స్ మింట్ వాళ్లు 2020లోనే మా దగ్గర ఇది దానంతటది దిగడానికి వీల్లేదని ఆపేశారు, సబబే చేశారు. స్నాప్‌లాంటిదే అయిన ఫ్లాట్‌ప్యాక్ ఏమన్నా తక్కువ తిందా? చిన్న కాలిక్యులేటర్ కోసం మొదటిసారి వందల ఎంబీల రన్‌టైమ్ (యాప్ నడవడానికి కావలసిన సరంజామా) దింపుతుంది. కాకపోతే ఎవరి రిపాజిటరీ (ప్యాకేజీల గోదాము) వాళ్లు పెట్టుకోవచ్చు, పైగా ఫ్లాట్‌ప్యాక్‌ని ఫ్లాట్‌ప్యాక్ అనే పిలుస్తాం.

డిస్ట్రో రిపాజిటరీల్లో అన్నీ పాత వెర్షన్లే అని వెక్కిరించేవాళ్లకి ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ సంగతి గుర్తు చేస్తాను. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఎందుకు లేటవుతోందని తవ్వితే ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. డెబియన్ స్థిరమైన విడుదల అయిన స్టేబుల్‌లోకి అవి రానేలేదు. తర్వాతి విడుదలకి సిద్ధమయ్యే టెస్టింగ్‌లోకి వచ్చాయి, నిజమే, ప్యాకేజీలు చూసుకునే మెయింటెయినర్లూ మోసపోతారు. అయినా ఎక్కువమంది జీతం లేకుండా చేసే పని అది. పోతన, వేమన ఫాంట్లు మనకి ఒక్క కమాండ్‌తో వస్తున్నాయంటే ఎవరో ఒకరు కూర్చుని వాటిని ప్యాకేజీ చేశారు కాబట్టే.

ఇప్పుడు మొజిల్లానే తన డెబ్ ప్యాకేజీలు ఇస్తోంది, ఉబుంటులో మొజిల్లా రిపాజిటరీ కలుపుకుని, ముందు దాన్నే చూడమని ప్రయారిటీ పిన్ చేసుకుంటే గొడవ వదులుతుంది. కొత్తగా వచ్చినవాడికి ఈ పిన్నింగ్ ఎవరు నేర్పుతారు?

నేనడిగేది ఒక్క లైనే. ఇది ఆప్ట్‌లో లేదు, స్నాప్‌లో ఉంది, తెమ్మంటారా అని అడగండి. నేను ఎన్ కొట్టుకుంటాను.