ఆఖరి బంతిలో తరంగం

నిన్న సాయంత్రం జరిగింది. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

బెంగళూరు మారతహళ్ళిలో మా తెలుగువాళ్ళ ఉగాది కార్యక్రమం. నేను సాఫ్ట్‌వేర్ కనక నన్ను ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టారు. అది కార్యదర్శిగారిది. విండోస్ మొరాయిస్తోందంటే కిందటేడు నేనే లైనక్స్ ఎక్కించి పెట్టాను. లోపల మాత్రం గిర్రున తిరిగే పాత హార్డ్‌డిస్కే. సరిగ్గా దీపం వెలిగించే వేళకి ఆయనొచ్చి పెన్‌డ్రైవ్ గుచ్చారు.

"బాబూ, కిందటేడు ఫొటోలన్నీ ఇందులో వెయ్యి. ప్రెసిడెంటుగారు అడుగుతున్నారు."

రేపు వేస్తానండీ అన్నాను. "నీకెంతసేపు, ఒక్క నొక్కు!" అన్నారు.

నొక్కాను. నలభై జీబీ.

డాన్స్ వీడియో కూడా ఆ డిస్క్‌లోనే ఉంది. తెర మీద గుడి బొమ్మలూ, పాటా అన్నీ ఒకే ఫైల్. ఒకసారి ప్లే చేసి చూస్తే కాస్త తడబడింది. తడబడదూ మరి, చదివే ముల్లు ఫొటోలకీ పాటకీ మధ్య పరుగులు పెడుతుంటే! దానికేం, ఐఓనైస్ ఉందిగా. ఏ ప్రోగ్రాంకి డిస్క్ ముందు దొరకాలో చెప్పే కమాండ్ అది. పెద్ద అంకె వేస్తే పెద్దపీట అనుకుని, క్లాస్ 3 అని కొట్టి ప్లేయర్ తెరిచాను. కిక్కురుమనకుండా ఒప్పుకుంది. అక్కడే అనుమానం రావాల్సింది.

పెళ్ళి భోజనాల లెక్కలో చెబుతాను. 1 రియల్‌టైమ్, అంటే వియ్యాలవారి బంతి. అక్కడ కూర్చోవాలంటే రూట్, అంటే మెషీన్ మీద సర్వాధికారాలున్న ఖాతా, అనుమతి ఉండాలి, లేకపోతే గుమ్మంలోనే ఆపేస్తారు. 2 బెస్ట్ ఎఫర్ట్, ఊరి జనం బంతి. ఏమీ చెప్పకపోతే అందరూ కూర్చునేది అక్కడే, నా ఫొటోలు కూర్చున్నదీ అక్కడే. 3 ఐడిల్. వడ్డించినవాళ్ళు తినే ఆఖరి బంతి. అందులో కూర్చుంటానంటే ఎవరు మాత్రం ఎందుకు అడ్డు చెప్తారు? పైగా మొదటి రెండు క్లాసుల్లో మళ్ళీ 0 నుంచి 7 దాకా మెట్లున్నాయి. అక్కడ 0 అందరికన్నా గొప్ప. ఈ అంకెలు వేసిన మహానుభావుడు ఏ బళ్ళో చదివాడో గానీ, మార్కులు మాత్రం బాగా వచ్చి ఉంటాయి.

తెర లేచింది. పదేళ్ళ పిల్ల. కూచిపూడి తరంగం. ఇత్తడి పళ్ళెం అంచు మీద రెండు పాదాలు, తల మీద నీళ్ళ చెంబు, చేతుల్లో లేని వేణువు. అరమండిలో కూర్చుంది, పాట ఆగిపోయింది.

పిల్ల కదల్లేదు. వేణువు పెదవుల దగ్గరే ఉంది. ఇదేదో భంగిమ అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు అయిపోయాయి. పిల్ల ఇంకా అలాగే ఉంది, మోకాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. అంతలో స్పీకర్లోంచి "త" అని వచ్చింది. పళ్ళెం జానెడు జరిగింది. మళ్ళీ నిశ్శబ్దం. ఆ డిస్క్ దగ్గర ఎవరి వంతు ఎప్పుడో తేల్చే షెడ్యూలర్ పేరు బీఎఫ్‌క్యూ. అది ఆఖరి బంతిని పూర్తిగా పస్తు పెట్టదు, మధ్యమధ్యలో ఒక గారె ముక్క విసురుతుంది. "క" వచ్చింది. ఇంకో జానెడు. చెంబు ఎడమకి ఒరిగింది, సర్దుకుంది. ముందు వరసలో ఒకాయన "ఇదీ నిగ్రహమంటే" అని పక్కాయనతో అంటున్నారు. పిల్ల మాత్రం కళ్ళు తిప్పి నా వైపే చూస్తోంది. కూచిపూడిలో ఆ చూపుకి పేరుందో లేదో గానీ, నాకు బాగానే అర్థమైంది.

కాపీ ఆపేద్దామని చెయ్యి జాపాను. "ఆపకు బాబూ, ఎనభై శాతం అయింది!" అన్నారు కార్యదర్శిగారు, నా భుజం మీదుగా.

చివరికి పాట ఆ పిల్ల వాళ్ళమ్మ ఫోన్లోంచి వచ్చింది, మైకు దగ్గర పెడితే. ఆవిడ ఫోన్ తీసుకుని వెళ్తూ మెల్లగా అడిగారు. "మీరు సాఫ్ట్‌వేరే కదండీ?"

పొద్దున్నే కార్యదర్శిగారు ఫోన్ చేశారు. ఫొటోలు సగం అడ్డంగా పడి ఉన్నాయట. తిప్పి పంపమన్నారు.