స్వయం గారి మనిషి

నిన్నటి సంగతి. చెవుల్లో వేడి ఇంకా తగ్గలేదు.

మా వృత్తిలో ఉన్నవాళ్ళ సమావేశం, "అందరూ ఆహ్వానితులే" అన్నారు కదా అని వెళ్ళాను. గుమ్మం దగ్గరే ఒక ఫారం చేతిలో పెట్టారు. పేరు, ఫోన్ నంబరు, ఆ కింద "ఎవరి ద్వారా వచ్చారు? వారి నంబరు?" అని రెండు గళ్ళు. అందరూ ఆహ్వానితులే అయినప్పుడు ఆ గళ్ళెందుకో! ఖాళీగా వదిలితే ఫారం వెనక్కిచ్చారు. ఒళ్ళు మండి "స్వయంగా" అని రాసి, నా నంబరే మళ్ళీ వేశాను. "గా" ముందు కాస్త ఎడం వచ్చింది, తర్వాత పెన్ను ఆగి చుక్క పడింది. ఆ చుక్కను వాళ్ళు మర్యాదగా పూరించుకున్నట్టున్నారు. బ్యాడ్జీ మీద నా పేరు కింద "స్వయం గారి ద్వారా" అని వచ్చింది.

లోపల ఐదారుగురు గుండ్రంగా నిలబడి ఉన్నారు. ఇలాంటి గుంపుల్లో దూరం నుంచి చూస్తే భుజాల మధ్య సందు కనిపిస్తుంది, దగ్గరికెళ్తే ఉండదు. వెనకే నిలబడి, వాళ్ళు నవ్వినప్పుడల్లా ఓ క్షణం ఆలస్యంగా నవ్వుతున్నాను. ఇంతలో ఒకాయన బ్యాడ్జీ చూశాడు.

"స్వయం గారి తాలూకా! ఎలా ఉన్నారండీ ఆయన?"

"బాగానే ఉన్నారండీ" అన్నాను. అబద్ధమేం కాదు, కాస్త నడుంనొప్పి తప్ప.

సందు తెరుచుకుంది. "మొన్ననే కలిశాను, బాగా చిక్కారు" అన్నాడొకాయన. "మనిషి మంచివాడే, కోపమే ఎక్కువ" అన్నాడు ఇంకొకాయన. నాకు నిజంగానే కోపం వచ్చింది. మూడో ఆయనైతే స్వయం గారి దగ్గర మూడేళ్ళు పని నేర్చుకున్నాడట. నా దగ్గర! ఏం నేర్పానో అడుగుదామనుకున్నాను గానీ, గురువు అడగాల్సిన ప్రశ్న కాదని ఊరుకున్నాను.

మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే చెప్పాడు: ఆయన అడిగి చూసినవాళ్ళలో, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను లెక్కేస్తే, తరచూ కలిసే మనిషి పనికొచ్చింది 16.7 శాతం మందికేనట. మిగతావాళ్ళకు సాయపడింది అప్పుడప్పుడో, అరుదుగానో కలిసే మనిషి. అసలు లేని మనిషి సంగతి ఆయన లెక్కలో ఉన్నట్టు లేదు.

ఇంతలో నిర్వాహకుడు వచ్చాడు. వచ్చే నెల ఒక పనికి మనిషి కావాలట. అదే పనికి నేను రెండుసార్లు దరఖాస్తు పెట్టాను. అందిందన్న ముక్క కూడా రాలేదు.

"స్వయం గారి మనిషంటే ఇంక చూసేదేముంది! మీరే చేరిపోండి. ఆయన చెవిన కూడా ఒక మాట వేస్తాను" అంటూ ఫారం తిప్పి, నంబరు చూసి నొక్కాడు.

నా జేబు మోగింది.

ఆరుగురూ జేబు వైపే చూస్తున్నారు. మూడేళ్ళ శిష్యుడు అందరికంటే ఎక్కువ చూస్తున్నాడు. కట్ చేస్తే పెద్దాయన విసుక్కున్నాడనుకుంటారు. అందుకని రెండడుగులు పక్కకు జరిగి, ఎత్తి, "ఆఁ, స్వయంగానే మాట్లాడుతున్నానండీ" అన్నాను.