మిల్లీ వనిల్లీ దొంగలైతే ఫ్రాంక్ ఫారియన్ ఎవరు?

మళ్లీ అదే మెసేజ్, 1980ల చివర్లో వెలిగిన పాప్ జంట మిల్లీ వనిల్లీ గురించి. ఈసారి పంపినవాడు పాటల మీద ప్రాణం పెట్టే స్నేహితుడు కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. "జర్మనీలో పుట్టుకొచ్చిన మిల్లీ వనిల్లీ జంట పరాయి గొంతులు దొంగిలించి, నిర్మాతనీ ప్రపంచాన్నీ మోసం చేసి, ఐదు గ్రామీలు కొట్టేసింది. స్టేజీ మీద టేపు ఇరుక్కుని గుట్టు రట్టయిన రోజే అవార్డులు లాక్కున్నారు. అసలు గాయకులు అనామకులైపోయారు. ఆ ఇద్దరూ ఆత్మహత్య చేసుకున్నారు. కర్మ వదలదు." ఇదీ అందులో ఉన్నది.

ఐదు కాదు, ఒక్కటే. ఉత్తమ నూతన కళాకారులకిచ్చే గ్రామీ, అంటే అమెరికా సంగీత పురస్కారం.

పాడుతున్నట్టు పెదవులు కదుపుతుంటే టేపు ఇరుక్కున్నది 1989 జులైలో, అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని బ్రిస్టల్‌లో. "గర్ల్ యూ నో ఇట్స్" అన్న ముక్క దగ్గరే పాట ఆగిపోయి, అదే మళ్లీ మళ్లీ మోగింది. జంటలో ఒకడైన రాబ్ పిలాటస్ కంగారుపడి స్టేజీ దిగి పరుగెత్తాడు. అయినా జనం పెద్దగా పట్టించుకోలేదు. గ్రామీ ఇచ్చిందే 1990 ఫిబ్రవరిలో! ఇంకా ఇవ్వని అవార్డుని ఆ రోజే ఎలా లాక్కుంటారు? వెనక్కి తీసుకున్నది 1990 నవంబరులో. రెండు తారీఖులు పక్కపక్కన పెట్టి చూసుకోలేనివాళ్లు ఊరందరికీ చరిత్ర పంచుతున్నారు.

ఇక అసలు విషం "గొంతులు దొంగిలించి, నిర్మాతనీ మోసం చేసి" అన్న మాట. ఆ గొంతుల్ని స్టూడియోలో రికార్డు చేయించింది నిర్మాత ఫ్రాంక్ ఫారియనే. పాడింది చార్లెస్ షా, జాన్ డేవిస్, బ్రాడ్ హొవెల్ వంటివాళ్లు. చూడ్డానికి బావున్న ఇద్దరు డాన్సర్ల చేత ఒప్పందం మీద సంతకం పెట్టించి ముందు నిలబెట్టిందీ ఆయనే. ఆయనకిది కొత్త కాదు. అంతకుముందు ఆయన నడిపిన డిస్కో బృందం బోనీ ఎమ్‌లో బాబీ ఫారెల్ స్టేజీ మీద ఎగురుతుంటే, రికార్డులో వినపడే మగ గొంతు ఫారియన్‌దే. మన సినిమాల్లో హీరో పెదవులు కదిపితే ఎవరూ దొంగ అనరు, ఎందుకంటే పాడినవాడి పేరు రికార్డు మీద ఉంటుంది. ఇక్కడ ఆ పేర్లు దాచి, అమెరికా ఆల్బమ్ మీద గాయకులుగా ఆ జంట రాబ్, ఫ్యాబ్‌ల పేర్లు వేశారు. అట్టలు అచ్చేయించేది డాన్సర్లా?

తర్వాతి ఆల్బమ్‌లో మేమే పాడతామని వాళ్లు పట్టుబట్టాక, ఫారియన్ వాళ్లని తీసేసి నిజం తానే బయటపెట్టాడు. 1991లో 'రియల్ మిల్లీ వనిల్లీ' పేరుతో అసలు గాయకుల్ని అమ్ముకున్నాడు. ఆ మెసేజ్‌లో ఆయన పేరే లేదు!

రాబ్, ఫ్యాబ్ అమాయకులని నేననను. ఇంటర్వ్యూల్లో నెలల తరబడి అబద్ధాలాడారు, తమది కాని అవార్డు చేతులారా అందుకున్నారు. అసలు గాయకులకి అన్యాయం జరిగిందన్నది కూడా నూటికి నూరుపాళ్లు నిజం, ఆ ఒక్క వాక్యానికి దణ్ణం పెడతాను.

కానీ ఆత్మహత్యలంటారా? రాబ్ 1998 ఏప్రిల్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఒక హోటల్లో చనిపోయాడు. మద్యం, మాత్రలు కలిసి ప్రమాదవశాత్తు జరిగిన మరణం. అప్పటికి కొత్త ఆల్బమ్‌తో తిరిగి రావడానికి సిద్ధమవుతున్నాడు. ఫ్యాబ్ మోర్వాన్ బతికే ఉన్నాడు, ఇప్పుడు సొంత గొంతుతో పాడుతున్నాడు. చచ్చిపోయినవాడి మీద కర్మ ముద్ర వేసి, బతికున్నవాణ్ణి చంపేసి, దాన్ని నీతికథ అని పంచుతారా? ఫారియన్ 82 ఏళ్లు బతికి 2024లో పోయాడు. ఆయన దగ్గరికి రావడానికి మీ కర్మకి తీరిక దొరకలేదా?

నిజంగా అన్యాయమైపోయినవాడు జాన్ డేవిస్. ఆ జాన్ డేవిసే ఏళ్ల తర్వాత ఫ్యాబ్‌తో కలిసి ఒకే స్టేజీ మీద పాడాడు.