అయస్కాంతం వైద్యం నిజమే, ఆ ఆడియో చెప్పేది కాదు

పాలమూరు, నల్లగొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఆడియో తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది క్లుప్తంగా ఇది: "డిప్రెషన్‌కు, ఓసీడీకి అయస్కాంతం మిషన్ వచ్చింది. తలకు ఒక్క సిట్టింగ్ పెడితే చాలు, జబ్బు వేరుతో సహా పోతది. ఇగ గోలీలు బంద్ చేయుండ్రి. సైడ్ ఎఫెక్ట్ అస్సలే లేదు, ఎవరికైనా పెట్టొచ్చు. ఇది షాక్ కాదు, షాక్ పెడితే మనిషి పిచ్చోడైతడు. హైదరాబాద్ పోయే పైసలు లేనోళ్లు అయస్కాంతం పరుపు మీద పండుకున్నా అదే ఫలితం." చివర్లో పరుపు కావాల్సినవాళ్లకు ఒక ఫోన్ నంబరు.

మొత్తం అబద్ధమే అయితే నవ్వి వదిలేయొచ్చు. కానీ మొదటి వాక్యం నిజం. ఆ ఒక్క నిజాన్ని చూపించి మిగతా సరుకంతా అమ్ముతున్నారు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ని కాబట్టి పరుపు ముక్క దగ్గర నాకు ఇంకాస్త మండింది. అక్కడికి తర్వాత వద్దాం.

ముందు ఆ నిజం ఏమిటంటే, ఈ వైద్యం పేరు టీఎంఎస్, అంటే ట్రాన్స్‌క్రానియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం దీన్ని మొదట చేసి చూపించింది. తల మీద ఒక కాయిల్ (తీగ చుట్ట) ఆనిస్తారు, అందులోంచి క్షణకాలం పెద్ద కరెంటు పంపుతారు. దాంతో పుట్టే అయస్కాంత క్షేత్రం పుర్రె ఎముకను దాటి, లోపల రెండు మూడు సెంటీమీటర్ల లోతులో ఉన్న నరాల కణాలను కదిలిస్తుంది. డిప్రెషన్‌కు ఎక్కువగా నుదుటి వెనక ఎడమ భాగాన్ని ఎంచుకుంటారు. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దీన్ని 2008లో డిప్రెషన్‌కు, 2018లో ఓసీడీకి (వద్దన్నా వదలని ఆలోచనలు, చేసిందే చేయించే జబ్బుకు) అనుమతించింది.

ఇక "ఒక్క సిట్టింగ్". మామూలు పద్ధతిలో వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు వెళ్లాలి. ఒక్కో సిట్టింగ్ పాత పద్ధతిలో అరగంట పైన, కొత్త పద్ధతిలో మూడు నిమిషాలు. స్టాన్‌ఫర్డ్‌లో రూపొందించిన, 2022లో అనుమతి పొందిన పద్ధతి ఐదు రోజుల్లోనే ముగుస్తుంది. అయితే రోజుకు పది సిట్టింగులు, అంటే మొత్తం యాభై. ఒక్కటి ఎక్కడా లేదు. ఇది చిన్న తేడా కాదు. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో హైదరాబాద్‌కు నెలన్నర పాటు రోజూ పోయిరావడం అయ్యే పనేనా? లేదంటే అక్కడే ఎవరింట్లోనో ఉండాలి. తోడు మనిషి కూలి పోతుంది. పత్తి ఏరే రోజులైతే ఇంట్లో ఇద్దరు తగ్గినట్టే. అప్పు చేయాలా వద్దా అని ఆలోచించే కుటుంబానికి ముందుగా తెలియాల్సింది ఇదే. ఆడియోలో దీని ఊసే లేదు.

"వేరుతో సహా పోతది" అన్నదానికి అంకెలే జవాబు. 2010లో అమెరికాలో సుమారు 190 మంది మీద వచ్చిన అధ్యయనంలో సగం మందికి అసలు కాయిల్, సగం మందికి ఉత్తుత్తి కాయిల్ పెట్టారు. అసలుది పెట్టినవాళ్లలో జబ్బు పూర్తిగా నెమ్మదించింది 14 శాతం మందికి, ఉత్తుత్తిది పెట్టినవాళ్లలో 5 శాతం మందికి. 2018లో కెనడాలో 414 మందితో చేసిన పరిశోధనలో ఫలితం ఇంకా మెరుగ్గా వచ్చింది: దాదాపు సగం మందికి గుణం కనిపించింది, పూర్తిగా కోలుకున్నవాళ్లు మూడో వంతుకు కాస్త తక్కువ. కాకపోతే అక్కడ రెండు రకాల టీఎంఎస్‌లను పోల్చారు తప్ప ఉత్తుత్తి గుంపు లేదు. మందులు పనిచేయనివాళ్లలో ఈ మాత్రం రావడం మంచి ఫలితమే. కానీ రానివాళ్లూ చాలామందే. వచ్చినవాళ్లలో కొందరికి కొన్ని నెలల తర్వాత జబ్బు తిరగబెడుతుంది కూడా.

ఓసీడీ సంగతి ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. చేతులు పదే పదే కడగడం, తాళం వేశానా లేదా అని పదిసార్లు వెనక్కి రావడం ఇంట్లో చూసినవాళ్లకు అదెంత నరకమో తెలుసు. 2018 అనుమతికి ఆధారమైన పరిశోధన సుమారు వంద మంది మీద ఆరు వారాలు జరిగింది. అసలు వైద్యం అందినవాళ్లలో 38 శాతం మందికి, ఉత్తుత్తిది అందినవాళ్లలో 11 శాతం మందికి గుణం వచ్చింది. గుణం అంటే లక్షణాలు కనీసం 30 శాతం తగ్గడం, మాయమవడం కాదు. ప్రతి సిట్టింగ్‌కు ముందు రోగిని కావాలనే తన భయానికి ఎదురుగా నిలబెట్టారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ రోగులు గోలీలో కౌన్సెలింగో కొనసాగిస్తూనే ఉన్నారు. ఎఫ్‌డీఏ అనుమతి కూడా ఓసీడీకి తోడు వైద్యంగానే.

అందుకే "గోలీలు బంద్" అన్న మాట ఈ ఆడియోలో అన్నిటికంటే ప్రమాదం. డిప్రెషన్ మందులు ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం మామూలు. అణిగి ఉన్న జబ్బు మళ్లీ లేస్తుంది, దానితో పాటు చావు ఆలోచనలూ రావచ్చు. ఆపాల్సి వచ్చినా డాక్టరే మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

సైడ్ ఎఫెక్ట్ లేదన్నది కూడా తప్పు. తలనొప్పి, కాయిల్ ఆనిన చోట నొప్పి, ముఖం కండరాలు అదరడం సాధారణం. శబ్దం గట్టిగా ఉంటుంది కాబట్టి చెవుల్లో ప్లగ్గులు పెడతారు. ఫిట్స్ చాలా అరుదే, కానీ సున్నా కాదు. తలలో లోహపు క్లిప్పు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు పెట్టరు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, గతంలో ఫిట్స్ వచ్చినా ముందే చెప్పాలి.

షాక్ గురించి, అంటే తలకు కరెంటు పెట్టే ఈసీటీ వైద్యం గురించి: టీఎంఎస్ షాక్ కాదన్నది నిజం. మత్తు అక్కర్లేదు, కుర్చీలో మెలకువగా కూర్చోవచ్చు. కానీ షాక్ పిచ్చోణ్ని చేస్తుందన్నది సినిమాలు నేర్పిన భయం. కొంతమందికి జ్ఞాపకాల ఇబ్బంది వస్తుంది, అది దాచాల్సిన విషయం కాదు. అయినా తిండి నీళ్లు మానేసిన, ప్రాణం మీదికి తెచ్చుకునేంత తీవ్రమైన డిప్రెషన్‌లో ఈరోజుకీ షాక్ వైద్యమే ఎక్కువ బలమైనది. మత్తు, కండరాల సడలింపు మందు ఇవ్వకుండా షాక్ పెట్టడాన్ని మన 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది.

ఇప్పుడు పరుపు. ఫెరడే 1831లోనే తేల్చాడు: అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటేనే పక్కనున్న తీగలో కరెంటు పుడుతుంది. పాత సైకిల్ డైనమో గుర్తుందా? చక్రం ఆగితే లైటు ఆరిపోయేది, లోపల అయస్కాంతం ఎక్కడికీ పోకపోయినా. టీఎంఎస్ కాయిల్‌లో క్షేత్రం సుమారు ఒకటిన్నర, రెండు టెస్లాల (అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే యూనిట్) దాకా లేచి, మిల్లీసెకను కూడా కాకముందే పడిపోతుంది. ఆ వేగమే మెదడులో కరెంటు పుట్టిస్తుంది. పరుపులో కుట్టిన బిళ్లలు ఎంత బలమైనవైనా కదలకుండా పడుంటాయి. కదలని అయస్కాంతమే డిప్రెషన్ తగ్గించేదైతే, ఒకటిన్నర టెస్లా ఎంఆర్ఐలో తల స్కాన్ తీయించుకోవడానికి పడుకున్న ప్రతివాడూ దిగులు వదిలించుకుని లేవాలి. ఫంక్షన్ హాల్లో డెమో పెట్టి మేకుకు మేకు అంటించి చూపిస్తే అయస్కాంతం ఉందని తెలుస్తుంది, అంతే.

ఆడియో విని ఇప్పటికే గోలీలు ఆపినవాళ్లు మీ ఇంట్లో ఉంటే, సొంతంగా పాత మోతాదు మొదలుపెట్టించకండి. రాసిచ్చిన డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయన దొరక్కపోతే మహబూబ్‌నగర్‌లోనో నల్లగొండలోనో మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి పాత చీటీలు పట్టుకుని తీసుకెళ్లండి. చావు మాటలు మాట్లాడుతుంటే ఓపీ టైమ్ కోసం ఆగొద్దు, ఒంటరిగా వదలకుండా ఎమర్జెన్సీకే తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రి పగలు ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. టీఎంఎస్ మీవాళ్లకు పనికొస్తుందేమో కూడా సైకియాట్రీ ఓపీలోనే అడగండి. ఇంతవరకు ఏయే మందులు, ఎన్నాళ్లు, ఎంత మోతాదులో వాడారో ఒక కాగితం మీద రాసుకెళ్తే వాళ్లు చెప్పగలుగుతారు.