సర్వర్ ఆగితే మెయిల్ పోదు, వెనక్కి తిప్పితే పోతుంది

కంపెనీ మెయిల్ సర్వర్‌ను వర్చువల్ మెషీన్ (వీఎం, అంటే అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్) మీద నడపొచ్చా అనే చర్చ ఎప్పుడో ముగిసింది. నడపొచ్చు. ఇతర సంస్థల హైపర్‌వైజర్ల (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) మీద తన మెయిల్ సర్వర్ ఎక్స్చేంజ్‌కు మైక్రోసాఫ్టే 2008 నుంచి సపోర్ట్ ఇస్తోంది. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ అనే ఓపెన్‌సోర్స్ మెయిల్ సాఫ్ట్‌వేర్లకైతే కింద ఏముందన్న పట్టింపే లేదు. నా పేచీ అంతా వీఎం వచ్చాక అడ్మిన్లకు పట్టుకున్న ధీమాతోనే. 'స్నాప్‌షాట్ ఉందిగా, ఏమన్నా అయితే వెనక్కి తిప్పేద్దాం' అంటారు. స్నాప్‌షాట్ అంటే ఆ క్షణాన వీఎం ఎలా ఉందో అలాగే దాచుకున్న నకలు. మిగతా సర్వర్ల సంగతేమో గానీ, మెయిల్ సర్వర్ దగ్గర ఈ మాట కొంప ముంచుతుంది.

సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే ప్రోటోకాల్ ఎస్‌ఎంటీపీ పని తీరు చూస్తే విషయం తెలుస్తుంది. అవతలి సర్వర్ మెసేజ్ మొత్తం పంపి, ఆఖరి లైన్లో ఒకే ఒక్క చుక్క పెడుతుంది. మన సర్వర్ '250', అంటే 'తీసుకున్నాను', అని జవాబిస్తుంది. రిజిస్టర్ పోస్టుకు సంతకం పెట్టి తీసుకున్నట్టే. ఇక దాని బాధ్యత మనది, అవతలివాళ్లు తమ క్యూలోంచి (పంపాల్సిన మెయిళ్ల వరుసలోంచి) తీసేస్తారు. మెషీన్ క్రాష్ అయిందన్న సాకుతో, తీసుకున్న మెయిల్ పోగొట్టకూడదని ఎస్‌ఎంటీపీ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5321 ఖరాఖండిగా చెబుతుంది. మన సర్వర్ అసలు పలకకపోతే మాత్రం పంపినవాళ్లు ఊరుకోకూడదు, కనీసం 4-5 రోజుల పాటు మళ్లీ మళ్లీ ప్రయత్నించాలనీ అదే పత్రం అంటుంది.

ఇప్పుడు శనివారం రాత్రి సర్వర్ ఆరు గంటలు పడిపోయిందనుకుందాం. ఫోన్లు, టెన్షన్, తిట్లు అన్నీ ఉంటాయి. కానీ రావాల్సిన మెయిళ్లు పంపినవాళ్ల క్యూల్లో భద్రంగా ఉండి, సర్వర్ లేవగానే వచ్చేస్తాయి. ఇంకో రోజు ఉదయం పదింటికి స్నాప్‌షాట్ తీసి అప్‌డేట్ వేశారు. మధ్యాహ్నం రెండింటికి ఏదో తేడా కొట్టింది. ఒక్క క్లిక్‌తో పదింటి స్థితికి తెచ్చేశారు. నిమిషాల్లో డ్యాష్‌బోర్డు పచ్చగా మారింది, అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆ నాలుగు గంటల్లో 250 చెప్పి తీసుకున్న ఆర్డర్లు, లాయర్ నోటీసులు మాయం. పంపినవాళ్ల లాగ్‌లో అందినట్టే ఉంటుంది. మన లాగ్ కూడా పదింటికి వెళ్లిపోయింది కాబట్టి, పోయిందేమిటో చెప్పే ఆధారమే మన దగ్గర మిగలదు. పైగా పదింటప్పుడు క్యూలో ఉన్న మెయిళ్లు లేచి కూర్చుని రెండోసారి బయల్దేరతాయి. కస్టమర్‌కు ఒకే ఇన్‌వాయిస్ రెండుసార్లు!

ఎక్స్చేంజ్‌కు వీఎం స్నాప్‌షాట్లు సపోర్ట్ చేయబోమని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంట్లలో ఉంది. చదివేదెవరు? డిస్క్ సెట్టింగుల్లోనూ ఇలాంటి బాగోతమే. పోస్ట్‌ఫిక్స్ 250 చెప్పే ముందు మెసేజ్‌ను డిస్క్ మీద నిజంగా రాయమని అడుగుతుంది. వీఎంలను నడిపే క్యూఈఎంయూ సాఫ్ట్‌వేర్‌లో డిస్క్ క్యాష్‌ను (రాతలను తాత్కాలికంగా ఉంచే మెమరీని) 'అన్‌సేఫ్' అని పెట్టామా, రాయకుండానే రాసేశానంటుంది. స్పీడు భలేగా ఉందనుకుంటాం, హోస్ట్ మెషీన్‌కు కరెంటు పోయేదాకా.

మార్గం లేక కాదు. అప్‌డేట్‌కు ముందు మెయిల్ లోపలికి వచ్చే 25, 587 పోర్టులు మూసి, యూజర్లను ఆపి, అప్పుడు స్నాప్‌షాట్ తీయండి. పని అయ్యాక పరీక్షించుకుని తలుపులు తెరవండి. తెరిచాక ఇక వెనక్కి తిప్పే మాటే వద్దు. అసలు బ్యాకప్ వేరే చోట ఉండాలి. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్లకు బూడిదే మిగిలింది.

ఇంత తలనొప్పి ఎందుకు, పెద్ద సంస్థల క్లౌడ్ మెయిల్‌కు వెళ్లిపోతే పోలా అంటారు. ప్యాచ్‌లు వేయడానికి మనిషే లేని ఆఫీసుకు అదే మేలు, కాదనను. అయితే 2022 డిసెంబరులో ర్యాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) దెబ్బకు హోస్టింగ్ సంస్థ రాక్‌స్పేస్ తన హోస్టెడ్ ఎక్స్చేంజ్ సేవనే మూసుకుంది. 2023లో లాగిన్‌లను అసలువని ధ్రువీకరించే మైక్రోసాఫ్ట్ సైనింగ్ కీ చేజిక్కించుకున్న హ్యాకర్లు అమెరికా విదేశాంగ శాఖ మెయిళ్లు చదివారు.

నన్ను మండించేది ఇంకోటి ఉంది. 250 విలువ తీసేస్తున్నది ఆ పెద్దవాళ్లే. అద్దె వీఎం తీసుకుంటే అమెజాన్ వాళ్ల ఏడబ్ల్యూఎస్, గూగుల్ క్లౌడ్‌లలో బయటికి వెళ్లే పోర్ట్ 25 మూసే ఉంటుంది. స్పామ్ భయం, సరే. మనకు వచ్చిన ఐపీ అడ్రస్‌తో పాటు పాత అద్దెదారు చేసిన పాపాలూ వస్తాయి. మెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అన్నీ పెట్టుకుంటాం, పెద్ద ఎత్తున మెయిల్ పంపేవాళ్లను 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ అడుగుతున్నవి అవే, అడగడం న్యాయమే. ఇంత చేసినా మన మెయిల్‌ను 250 చెప్పి తీసుకుని స్పామ్ ఫోల్డర్‌లో పడేస్తారు. వద్దనుకుంటే 550 (తీసుకోను) అని మొహం మీదే చెప్పే వీలు ప్రోటోకాల్‌లోనే ఉంది. అప్పుడు పంపినవాడికి బౌన్స్ (మెయిల్ అందలేదన్న సందేశం) వస్తుంది, ఫోన్ చేసి కనుక్కుంటాడు. ఇప్పుడేమో జవాబు రాలేదని వారం రోజులు ఎదురుచూస్తాడు.

ఆ పెద్దవాళ్లు మనకు డీమార్క్ రిపోర్టులు రోజూ పంపుతూనే ఉన్నారు. ఎస్‌పీఎఫ్ పాసైందా, డీకిమ్ పాసైందా అన్నీ ఉంటాయి, వాళ్ల సొంత ఫిల్టర్ ఆ మెయిల్‌ను ఎక్కడ వేసిందన్నది తప్ప. ఆ ఒక్క కాలమ్ కలపమని రెగ్యులేటర్లు అడగాలి. చెబితే స్పామర్లు వాడుకుంటారన్న వాదన చెల్లదు. వాళ్లు టెస్ట్ అకౌంట్లు తెరిచి తమ మెయిల్ ఎక్కడ పడుతోందో ఇప్పటికే చూసుకుంటున్నారు. తెలియనిది నిజాయతీగా సర్వర్ నడుపుకునేవాడికే.