పెన్షన్ మీద పన్ను తీసేయకండి, దయచేసి

పెన్షన్ మీద ఆదాయపు పన్ను ఎత్తేయాలని మన హైదరాబాద్ నగరంలో పెద్దవాళ్ళు పట్టుబడుతున్నారు. ఇందిరా పార్కులో పొద్దుటి నడక అయ్యాక బెంచీల మీద జరిగే సభల్లో ఈ తీర్మానం రోజూ ఏకగ్రీవంగా నెగ్గుతోంది. దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఖజానా గురించి నాకు బెంగ లేదు. పన్ను పోతే ఈ పెద్దలు ఏమైపోతారోనన్నదే నా బెంగ.

చట్టం వాళ్ళకిస్తున్న మర్యాద చూడండి. శాలువా కప్పి, దండ వేసి ఇంటికి పంపించిన మర్నాటి నుంచీ ఆయన్ని ఉద్యోగి అనేవాళ్ళే ఉండరు. ఇంట్లోవాళ్ళు పాల ప్యాకెట్ల పని అప్పజెప్తారు. ఒక్క ఆదాయపు పన్ను శాఖే ఆయన పెన్షన్‌ని ఇప్పటికీ ‘జీతం’ పద్దులో రాస్తుంది. 1961 చట్టం అలాగే అంది, 2025లో చట్టాన్ని కొత్తగా రాసినా ఆ మాట మార్చలేదు. ఆఫీసు లేదు, కుర్చీ లేదు, క్యాజువల్ లీవు లేదు, జీతం మాత్రం ఉంది. ఎంతమందికి పడుతుంది ఈ యోగం?

పైగా ఇది కోరి తెచ్చుకున్నదే. పెన్షన్ సర్కారు దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కాల్సిన హక్కు అని నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న తేల్చింది. ఏటా ఆ రోజే పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాం. కోర్టుకెక్కి మరీ అది మా కష్టార్జితం అనిపించుకున్నాక, అయితే పన్ను కట్టండి అంటే ఉలిక్కిపడితే ఎలా?

గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకునే డబ్బు), వాడుకోని సెలవుల డబ్బు, ఈ మూడింటి మీదా సర్కారు ఉద్యోగికి రిటైరైనప్పుడు పన్ను లేదు. మన తెలంగాణ రాష్ట్రం ఇంకో అడుగు ముందుకేసింది. 2024 మార్చి తర్వాత రిటైరైన చాలామందికి ఆ డబ్బునే నెలల తరబడి ఆపి, పన్ను ప్రశ్నే తలెత్తకుండా చూసింది.

ఇల్లాళ్ళ విషయంలో చట్టం మరీ సూక్ష్మంగా ఆలోచించింది. భర్త ఉన్నన్నాళ్ళూ వచ్చేది జీతం. ఆయన పోయి ఆవిడకు ఫ్యామిలీ పెన్షన్ మొదలైతే, అది ‘ఇతర ఆదాయం’ అయిపోతుంది. పన్ను లెక్కకు పాతది, కొత్తది అని రెండు పద్ధతులున్నాయి. కొత్త పద్ధతిలో ఆయనకు ఉండిన 75 వేల స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను లెక్కలోంచి ముందే తీసేసే మొత్తం, ఆవిడ దగ్గరికొచ్చేసరికి మహా అయితే 25 వేలు. ఇంట్లో ఒక కంచం తగ్గింది కదా, లెక్క సరిపోయింది.

2025 బడ్జెట్‌లో స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12 లక్షల 75 వేల దాకా పన్ను పడకుండా చేశారు కదా, ఇంకా గోలేమిటి అని మా అబ్బాయి అడిగాడు. వాడికి అనుభవం లేదు. పన్ను పోయినా రిటర్ను పోలేదు. ఆదాయం 4 లక్షలు దాటితే, కట్టాల్సింది సున్నా అని చెప్పడానికైనా మామూలుగా రిటర్ను వేయాలి. ఆ 4 లక్షల గీత కూడా మాదాపూర్‌లో పాతికేళ్ళ సాఫ్ట్‌వేర్ కుర్రాడికీ, మలక్‌పేటలో ఎనభై అయిదేళ్ళ తాతగారికీ ఒక్కటే. వయసు చూడకపోవడమే అసలైన సమానత్వం. పాత పద్ధతిలో ఎనభై దాటినవాళ్ళకి 5 లక్షల దాకా మినహాయింపు ఇచ్చి లేనిపోని ముసలితనం అంటగడతారు.

కేంద్రం వాళ్ళకయితే ఎనభై నిండగానే మూల పెన్షన్‌కి 20 శాతం కలుస్తుంది, నూరు నిండితే నూరు శాతం. నిండు నూరేళ్ళు వర్ధిల్లమని దీవించేవాళ్ళెవరూ పెన్షన్‌తోపాటు పెరిగే పన్ను స్లాబు సంగతి చెప్పరు.

నిజానికి ఈ డిమాండ్ వింటే మండిపోయేవాళ్ళు కొందరున్నారు. బాలానగర్, సనత్‌నగర్ ఫ్యాక్టరీల్లో ఒళ్ళు హూనం చేసుకుని దిగిపోయినవాళ్ళు. పీఎఫ్ ఉన్న ఉద్యోగులకిచ్చే ఈపీఎస్-95 పెన్షన్ పథకం కింద కనీస పెన్షన్ 2014 నుంచీ నెలకు 1,000 రూపాయలే. పన్ను పడేటంత పెన్షన్ ఇప్పించండి, వరసలో నిలబడి కడతాం అంటారు వాళ్ళు. వాళ్ళ మీద వెటకారం చేయడం నా వల్ల కాదు.

ఇక నవంబరు. కేంద్ర పెన్షనర్లు తాము బతికే ఉన్నామని రుజువు చేసుకోవాల్సిన నెల. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఇనుముతో పనిచేసి రిటైరైన మా బాబాయిగారిని బ్యాంకుకి తీసుకెళ్ళాను. వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెట్టారు, ఎర్ర లైటు. “అంకుల్, చెయ్యి తుడుచుకుని పెట్టండి” అంది కౌంటరమ్మాయి. ధోవతి అంచుతో తుడుచుకుని పెట్టారు, మళ్ళీ ఎర్ర లైటే. చూపుడువేలు, ఉంగరపువేలు, ఎడమచెయ్యి, అన్నీ అయ్యాయి. గీతలన్నీ ఇనుముకే అరిగిపోయాయి మరి. “ఉన్నానమ్మా, ఇదిగో నీ ఎదురుగానే ఉన్నాను” అన్నారు పాపం. ఆ అమ్మాయి మంచిది, ఫోను తీసి ముఖం చూపించి పని కానిచ్చింది. గ్రాట్యుటీ వేసుకున్న డిపాజిట్ వడ్డీ మీద టీడీఎస్ అంటూ పన్ను ముందే కోసుకున్నప్పుడు మాత్రం అదే బ్యాంకు ఏ వేలూ అడగలేదు.

కాబట్టి పన్ను ఉండనివ్వండి. బదులుగా నాదొక చిన్న సవరణ. పన్ను కట్టిన రసీదునే లైఫ్ సర్టిఫికెట్‌గా తీసుకోవాలి. కట్టినవాడు ఉన్నట్టే లెక్క, వేళ్ళతో పని లేదు. ఈ ముక్క రిటైరైన ఒక పన్ను అధికారి చెవిన వేస్తే ఆయన తల అడ్డంగా ఊపారు. చనిపోయినవాళ్ళ రిటర్ను వారసులు వేయాల్సిందేనట, బాకీ ఉంటే వదిలిపోయిన ఆస్తిలోంచి కట్టాల్సిందేనట. అందువల్ల పన్ను కట్టినంత మాత్రాన మనిషి బతికున్నాడని శాఖ నమ్మడానికి వీల్లేదన్నారు.