పనిముట్లు కాదండీ, పిల్లల పెంపకం చూడండి

మనిషికీ ఏప్స్‌కీ (చింపాంజీ, గొరిల్లా, ఒరంగుటాన్ లాంటివి) తేడా గురించి మీరు పెట్టిన వ్యాసంలో, పనిముట్లు వాడటమే మనిషిని మిగతా ఏప్స్ నుంచి వేరు చేసింది అని రాశారు, ఆ మాట 1960లోనే పోయిందండీ. టాంజానియాలో గోంబే అడవిలో చింపాంజీలు పుట్టలోకి పుల్లలు దూర్చి చెదలు లాక్కుని తినటం చింపాంజీల మీద పరిశోధన చేసిన జేన్ గుడాల్ గారు కళ్ళారా చూశారు, పుల్లకున్న ఆకులు పీకేసి పనికొచ్చేలా చేసుకుని మరీ వాడతాయి అవి. ఇంకోటి, మీ వ్యాసం పైన వేసిన ఫోటో తోకున్న కోతిది, మన ఉండవల్లి గుహల దగ్గర తిరిగే రకం, ఏప్స్‌కి అసలు తోకే ఉండదు, దయచేసి మార్చండి.

నాకైతే అసలు తేడా పిల్లల్ని పెంచటంలోనే కనిపిస్తది. చింపాంజీ తల్లి పసిదాన్ని మొదటి నెలల్లో దాదాపు ఎవరి చేతికీ ఇవ్వదు, నాలుగైదేళ్ళు పాలు ఇస్తది, అందుకే కాన్పుకీ కాన్పుకీ మధ్య 5 ఏళ్ళ పైనే గ్యాప్, ఒరంగుటాన్‌కైతే 7-8 ఏళ్ళు. మనకి రెండు మూడేళ్ళకే ఇంకో బిడ్డ పుట్టినా నెట్టుకొస్తాం, ఎందుకంటే తల్లి ఒక్కతే పెంచదు కదా. మా గుంటూరులో మిర్చి తొడాలు తీసే పనికెళ్ళే ఆడోళ్ళని చూడండి, చంటిబిడ్డ అమ్మమ్మ దగ్గరో పక్కింటి పిన్ని దగ్గరో ఉంటది, అంతమంది చేతుల్లో పెరిగే బిడ్డ ఎదుటోళ్ళ మొహం చూసి మనసు పట్టేయటం కూడా అప్పట్నుంచే నేర్చుకుంటది. సారా హర్డీ అనే ఆంత్రోపాలజిస్ట్ (మనిషి పుట్టుక, బతుకు తీరు మీద పరిశోధన చేసేవారు) దీనిమీదే ఏళ్ళ తరబడి పని చేశారు. మనకీ చింపాంజీకీ డీఎన్ఏ 98 శాతం పైన ఒకటే అని చెప్పి వదిలేయకుండా ఇదీ రాయండి సార్, ముఖ్యంగా అమ్మమ్మలు నాయనమ్మల సంగతి, రెండో పార్ట్ పెట్టినా చదువుతాం.